గుసగుసకి హాజరు పడదు

నాటకాల హాలు, దుస్తుల గది
మంగళవారం

వదినా,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను. ముందు నా కోపం విను. నిన్న నేను క్లాసులో ఉన్నాను. ముందు వరసలో, కిటికీ పక్కన, ఒళ్ళో సంచీ, చేతిలో కొత్త పెన్నుతో బుద్ధిగా కూర్చున్నాను. అయినా రిజిస్టరులో నేను రాలేదని రాసుకున్నారు.

మొదటినుంచీ చెప్తాను. హాలు అమ్మేశారని నీకు తెలుసు. కొన్నవాడు కుర్చీలు పీకేసి గోడౌను చేస్తాడట. మన కంపెనీవాళ్ళు ఇకమీదట ముందే రికార్డు చేసిన మాటలకి స్టేజి మీద పెదాలు కదుపుతారట. పెదాలు కదిపేవాళ్ళకి ప్రాంప్టరుతో పనేముంది? స్టేజి పక్కన వింగు చాటున పీటేసుకుని, మీరంతా మర్చిపోయిన మాటలు జీవితమంతా మీ చెవుల్లో వేశాను కదా, నాకు ఒక శాలువా కప్పి, గది ఖాళీ చెయ్యమన్నారు. ఈ దుస్తుల గదే నా ఇల్లని కప్పినవాడికి గుర్తు లేదు.

ఆడపిల్లల స్కూలు హెడ్మిస్ట్రెస్ నీకు గుర్తుందా, నాటకానికొచ్చి ప్రతిసారీ గొడుగు మర్చిపోయేది? ఆవిడ నన్ను పిల్లలకి నాటకం నేర్పమంది. ఉద్యోగంతోపాటు స్కూలు వెనక ఒక గది కూడా ఇస్తుంది. ఒకటే షరతు. కళలూ ఆటలూ నేర్పేవాళ్ళకి కాలేజీలో ఆరు వారాల కోర్సు ఉంది, ఆ సర్టిఫికెట్ తేవాలి. అది లేకపోతే ఆవిడ ఎంత కావాలనుకున్నా పైవాళ్ళు ఒప్పుకోరు. సరేనని చేరాను.

చేరగానే ఒక కాగితం చేతిలో పెట్టారు. రెండుసార్లు రాకపోతే క్షమిస్తారు, మూడోసారి రాకపోతే పేరు కొట్టేస్తారు. ప్రతి క్లాసులోనూ సొంత మాటల్లో ఒక్కసారైనా మాట్లాడాలి, దానికి మార్కులు. వారానికొక రచన ఇవ్వాలి, అదీ సొంత మాటల్లోనే, ఆలస్యంగా తెస్తే ముట్టుకోరు. సొంత మాటలు, సొంత మాటలు అని కాగితం నిండా అదే గోల.

లెక్చరరమ్మ నాకంటే చాలా చిన్నది. పేర్లు పిలవదు, నంబర్లు పిలుస్తుంది. "పధ్నాలుగు" అంది. "వచ్చాను" అన్నాను. నా గొంతు సంగతి నీకు తెలియనిదా? ఒక్క మనిషికి వినపడాలి, రెండో మనిషికి వినపడకూడదు, అలా అలవాటుపడిన గొంతు ఇది. నా పక్కనున్న ఈత కోచ్‌కి వినపడింది, అక్కడితో ఆగిపోయింది. లెక్చరరమ్మ నా నంబరు పక్కన సున్నా చుట్టేసింది. క్లాసయ్యాక వెళ్ళి అడిగాను. "ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాను కదా" అన్నాను. "పిలిచినప్పుడు పలకాలి, అది కాగితంలో ఉంది" అంది. కాగితం తీసి చూపించింది కూడా.

పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. కానీ నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు. ఈ కోర్సు పూర్తి చేసి, ఆ సర్టిఫికెట్ ఆవిడ చేత్తోనే ఇప్పించుకుంటాను, చూస్తూ ఉండు.

ఇక్కడ అంతా క్షేమం. అన్నయ్య దగ్గు తగ్గిందా?

నీ మరదలు

*

మేడ మీద వాటా
ఆదివారం

ఓ గుసగుసా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి పైకి చదివి వినిపించాను. ఆయన నవ్వి నవ్వి దగ్గాడు, కాబట్టి దగ్గు తగ్గలేదని నీకు తెలిసిపోయి ఉంటుంది. ఎదురుగా కూర్చున్న మనిషిని రాలేదని రాయడమా? నేనైతే ఆ రిజిస్టరు పట్టుకుని "ఇదిగో నేను, గిల్లి చూడు" అనేదాన్ని. నువ్వేమో నోట్లో నాలుక లేనిదానిలా వెళ్ళి కాగితం చూసొచ్చావు. గట్టిగా పలుకు. నువ్వు గట్టిగా మాట్లాడటం నేను ఒక్కసారే విన్నాను, తెర తాడు తెగి నా మీద పడబోయినప్పుడు. ఆ గొంతు నీలోనే ఎక్కడో ఉంది, వెతుక్కో.

నా సంగతులు విను. ఇక్కడ కొత్త కంపెనీలో మన పాత నాటకమే వేస్తున్నాం, కొట్టు తాళంచెవి కొడుకులకి ఇవ్వని తల్లి కథ. తల్లిని నేనే. ఇంకెవరు చేస్తారు? దర్శకుడు కొత్త తరంవాడు. ప్రాంప్టర్లు పాతకాలం సరుకట, నటులకి పోర్షన్ నోటికి రావాలట. వస్తుంది నాయనా అన్నాను. మొన్న రెండో అంకంలో పెద్దకొడుకు వేషగాడు నా కాళ్ళ మీద పడబోయి నా విగ్గు పట్టుకుని లాగేశాడు. నేను తడుముకోకుండా "అప్పులవాళ్ళు జుట్టు కూడా వదల్లేదురా" అన్నాను. హాలు హాలంతా లేచి నిలబడింది.

మూడో అంకంలో తాళంచెవి మాట దగ్గర నేను కొంచెం ఆగి చెప్తున్నాను. కొత్త పద్ధతి. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

నువ్వు మాత్రం రెండోసారి సున్నా చుట్టించుకోకు.

వదిన

*

దుస్తుల గది
శుక్రవారం

వదినా,

చుట్టించుకున్నాను. తిట్టేముందు మొత్తం చదువు.

ముందు మాట్లాడటం సంగతి. నా పక్కన కూర్చునే ఈత కోచ్ మంచి దిట్టమైన మనిషి, నీళ్ళలో దూకమంటే మేడ మీంచైనా దూకుతాడు. లేచి మాట్లాడమంటే మాత్రం బల్ల అంచు పట్టుకుని వదలడు. "పిల్లలకి భయం పోవాలంటే ముందు..." అని ఆగిపోయాడు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "...లోతు లేని చోట నిలబెట్టాలి" అని అందించాను. అతను అందుకున్నాడు, బ్రహ్మాండంగా ముగించాడు. తర్వాత బొమ్మలు చేసే ఆవిడ ఆగింది, ఆవిడకీ అందించాను. నలుగురికి అలా అయ్యాక లెక్చరరమ్మ చాక్‌పీస్ కింద పెట్టింది. వాళ్ళకి అందించినందుకు నాకూ, అందుకున్నందుకు వాళ్ళకీ ఆ రోజు మార్కుల్లేవంది. "మీ వంతు వచ్చినప్పుడు మాత్రం మీరు మాట్లాడరు" అని నాతో అంది. అభిప్రాయం చెప్పమంటే నేను నాటకంలో డైలాగు చెప్పానట. నిజమే అనుకో. నాకు ఏ సందర్భానికైనా ఎవరిదో ఒక మాట సిద్ధంగా ఉంటుంది. నా మాట ఎక్కడుందో నాకేం తెలుసు?

అయినా తప్పు ఒప్పుకోలేదు. మనిషి మాట తట్టక నిలబడితే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదని చెప్పేశాను. మార్కులు కోసుకోమన్నాను.

మొదటి రచన తిరిగొచ్చింది. గుర్తుండిపోయిన ఒక రోజు గురించి రాయమంటే, తెర తాడు తెగిన రోజు రాశాను. నువ్వు కుడివైపు నుంచి ప్రవేశించడం, దీపాలు, తాడు, నీ మాట, అన్నయ్య మాట, అన్నీ వరసగా రాశాను. కింద ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాసింది: "ఇందులో మీరు ఎక్కడ?" ఆ రచన మళ్ళీ మొదటినుంచీ చదివాను. నేను నిజంగానే లేను వదినా. తాడు తెగినప్పుడు అరిచింది నేనేనని రాయడం కూడా మర్చిపోయాను.

ఇక సున్నా సంగతి. బుధవారం మన హాల్లో ఆఖరి నాటకం. అదే పూట క్లాసు. లెక్చరరమ్మని అడిగితే, కారణాలు వినడం మొదలుపెడితే అందరివీ మంచి కారణాలే అంది. వెళ్ళాను. వెళ్ళనా మరి? ఆఖరి తెర పడేటప్పుడు ఆ పీట మీద నేనుండాలి. హీరో ఒక్క మాటా మర్చిపోలేదు, దరిద్రుడు. అందరూ వెళ్ళాక ఖాళీ స్టేజికి ఆ నాటకంలో ఆఖరి మాట నేనే అందించాను.

రెండూ అయిపోయాయి. ఇక ఒక్కటి కూడా లేదు. ఇప్పట్నుంచి జ్వరమొచ్చినా, వానొచ్చినా ఆ కిటికీ పక్కన ఉంటాను.

మరదలు

*

మేడ మీద వాటా
గురువారం

మరదలా,

నువ్వు మొండిదానివి. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు గానీ, వాడికి సర్టిఫికెట్ ఇస్తారని ఎవరూ అనలేదు. ఇకమీదట ఎవరు చచ్చినా బతికినా క్లాసు మానకు. స్కూలు వెనక ఆ గది నీకు రావాలి. నువ్వు మా ఇంటికొస్తే నాకు సంతోషమే గానీ, నీకు కాదు. మూడో రోజుకి నా వంటకి వంకలు పెట్టి సంచీ సర్దుకుంటావు.

అందించడం తప్పన్న ఆ పిల్లని ఒకసారి స్టేజి మీద నిలబెట్టి, దీపాలన్నీ మొహం మీద వెయ్యాలి. అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ ఓ తమాషా జరిగింది, నీకు చెప్పాలి. రెండో అంకంలో పెద్దకొడుకు వేషగాడు నా కాళ్ళ మీద పడబోయి నా విగ్గు పట్టుకుని లాగేశాడు. నేను తడుముకోకుండా "అప్పులవాళ్ళు జుట్టు కూడా వదల్లేదురా" అన్నాను. హాలు హాలంతా లేచి నిలబడింది.

ఈ దర్శకుడికి మాత్రం ఏదీ నచ్చదు. వచ్చే శుక్రవారం ఆటకి ముందు వరసలో కూర్చుని నన్నొక్కదాన్నే చూస్తాడట. చూడనీ. డబ్బులిచ్చి చూసేవాళ్ళే నన్ను చూడటానికొస్తారు, వాడికి ఊరికే దొరుకుతోంది.

నీ రచన ఈసారి నువ్వే రాయి.

వదిన

*

దుస్తుల గది
ఆదివారం

వదినా,

విగ్గు కథ నువ్వు పోయిన ఉత్తరంలోనే రాశావు. ఇవే మాటలు, ఇదే వరస, మొదటిసారి చెప్తున్నట్టు.

అది ఒక్కటే అయితే ఊరుకునేదాన్ని. తాళంచెవి మాట దగ్గర ఆగుతున్నానని రాశావు చూడు, అది నాకు ఆ రోజు నుంచీ ముల్లులా గుచ్చుకుంటోంది. ఆ నాటకం నేను నీకు ఎన్ని ఊళ్ళలో అందించానో లెక్క లేదు. ఆ చోట ఆగడం లేదు. ముగ్గురు కొడుకులు చేతులు చాపి ముందుకొస్తుంటారు. తల్లి ఒక్క క్షణం ఆగిందంటే తాళంచెవి పోయినట్టే, నాటకమూ అయిపోయినట్టే. ఇది నువ్వే నాకు చెప్పావు. నువ్వక్కడ ఆగుతున్నావంటే కొత్త పద్ధతి కాదు. మాట రావడం లేదు.

నీ విరామాలన్నీ నాకు తెలుసు. నువ్వు జనాన్ని ఏడిపించడానికి ఆగేది తెలుసు, ఊపిరి కోసం ఆగేది తెలుసు, ఎదుటి నటుణ్ణి ఇరికించడానికి ఆగేదీ తెలుసు. నా దగ్గర నటించకు.

మాటలు జారిపోతున్నాయా? స్టేజి మీదేనా, ఇంట్లో కూడానా? డాక్టరుకి చూపించుకున్నావా? శుక్రవారం ఆ దర్శకుడు ఎందుకు కూర్చుంటున్నాడు? సూటిగా రాయి. రాయకపోతే అన్నయ్యకి వేరే ఉత్తరం రాస్తాను, ఆయనకి అబద్ధం చెప్పడం రాదని మనిద్దరికీ తెలుసు.

మరదలు

*

మేడ మీద వాటా
మంగళవారం

ఆడపడుచుగారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడంటే నమ్మలేదు, ఇవాళ నమ్మాను. నా విరామాలు లెక్కపెట్టే హక్కు నీకెవరిచ్చారు? నేను స్టేజి ఎక్కేనాటికి నువ్వు జడలేసుకుని బడికెళ్తున్నావు.

ఇక్కడిదాకా రాసి కాగితం చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

అవును. జారిపోతున్నాయి. ఇంట్లో చిన్న చిన్నవి, పాలు స్టవ్ మీద పెట్టిన సంగతీ, పక్కింటావిడ పేరూ. స్టేజి మీద ఆ ఒక్క చోటే. ఆ మాట నా నాలుక చివర ఉంటుంది, నేను చూస్తూ ఉండగానే వెళ్ళిపోతుంది. ముగ్గురు వెధవలూ చేతులు చాపుకుని నా ఎదురుగా నిలబడి ఉంటారు. నాకు భయమేస్తోంది. ఈ మాట మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వయసు అన్నాడు, ఇంకా పరీక్షలు చెయ్యాలన్నాడు.

శుక్రవారం నేను తడబడితే, వేషం పనిమనిషి పాత్ర వేసే పిల్లకి ఇచ్చేస్తాడు. అంతే సంగతి. దాచడానికి ఇంకేం లేదు.

ఇప్పుడు బాగా విను. నువ్వు రావద్దు. నీ బుర్రలో ఏం తిరుగుతోందో నాకు ఇక్కడికే తెలుస్తోంది. శుక్రవారం నీకు క్లాసుంది, నీ సున్నాలు అయిపోయాయి. నా ఒక్క మాట కోసం నీ ఉద్యోగం, నీ గది పోగొట్టుకుంటావా? నువ్వు వింగులో కనిపించావంటే నేను స్టేజి ఎక్కను. ఒట్టు. తాటాకు చప్పుళ్ళకి నువ్వు బెదరవని తెలుసు. కానీ ఇది తాటాకు కాదు.

వదిన

*

దుస్తుల గది
గురువారం

వదినా,

నీ ఒట్టు అందింది. గట్టు మీద పెట్టాను.

నిన్న క్లాసులో హాజరు పిలవడం అయ్యాక నేను చెయ్యెత్తాను. లెక్చరరమ్మ ఆశ్చర్యపోయింది. లేచి నిలబడ్డాను. ఏ నాటకంలోనూ ఈ సందర్భం లేదు, ఎవరి మాటా తట్టలేదు. ఏం వస్తే అది అన్నాను.

"నేను శుక్రవారం రాను. జ్వరమని అబద్ధం చెప్పను. మా వదిన స్టేజి మీద మాట మర్చిపోతోంది. నేను పక్కన ఉండాలి. మీ కాగితం ప్రకారం నా పేరు కొట్టేస్తారు, కొట్టేయండి. కానీ ఆ పైవారం ఆఖరి క్లాసుకి వస్తాను. హాజరు వెయ్యడం మీ పని. రావడం నా పని."

వెనక వరసదాకా వినపడింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆవిడ కోప్పడలేదు. తన సంగతి చెప్పింది. ఇదివరకు ఒకాయనకి మంచి కారణాలున్నాయని హాజరు చూడకుండా సర్టిఫికెట్ ఇచ్చిందట. ఆయన స్కూల్లోనూ అలాగే మంచి కారణాలతో మానేసేవాడట. ప్రదర్శన రోజున పిల్లలు వేషాలు వేసుకుని, రంగు పూసుకుని, చీకటి పడేదాకా ఆయన కోసం కూర్చున్నారట. "అందులో మా అమ్మాయి ఉంది" అంది. "అందుకని మీ కోసం రూలు మార్చను. కానీ ఇవాళ మాట్లాడినందుకు పూర్తి మార్కులు వేస్తున్నాను." వేసింది కూడా, నేను చూస్తుండగానే.

ఆవిడ మీద కోపం పోయిందని చెప్పను. సగం పోయింది. మిగతా సగం రైల్లో పోతుందేమో చూస్తాను.

నువ్వు స్టేజి ఎక్కనంటావు. ఎక్కకుండా ఉండగలవేమో చూద్దాం. దీపాలు వేసి, తెర లేస్తుంటే ఇంట్లో కూర్చున్న రోజు నీ జీవితంలో ఒక్కటి చెప్పు. నేను కనిపిస్తేనే కదా నీ ఒట్టు? నేను ఎప్పుడైనా కనిపించానా?

ఈ ఉత్తరం నీకు శనివారానికి గానీ చేరదు. కావాలనే ఆలస్యంగా పోస్టు చేస్తున్నాను.

మరదలు

*

మేడ మీద వాటా
శనివారం

దొంగమొహమా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నువ్వు నిన్న రాత్రే వచ్చి పోయావు, వస్తానన్న ఉత్తరం ఇవాళ వచ్చింది. మొహమైనా చూపించకుండా పోయావు. మీ అన్నయ్యే పక్క తలుపు తీసి నిన్ను లోపలికి పంపాడట. ఇంటిదొంగని పట్టుకోవడం ఎవరి తరం? నిన్నటినుంచీ ఆయనతో మాట్లాడటం లేదు. ఆయన హాయిగా ఉన్నాడు.

ఆ దర్శకుడు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. రెండు అంకాలు వెన్నలా సాగాయి. మూడో అంకంలో కొడుకులు చేతులు చాపారు. నేను నోరు తెరిచాను. ఏమీ లేదు. మాట నాలుక చివర కూడా లేదు, అసలు ఆ మాట ఒకటుందన్న సంగతే పోయింది. నా చేతిలో ఇత్తడి తాళంచెవి ఒకటుంది, అది ఎందుకుందో నాకు తెలియలేదు. పెద్దకొడుకు కళ్ళలో భయం కనిపించింది.

అప్పుడు ఎడమవైపు నుంచి వచ్చింది. "చెయ్యి నరికి..."

అంతే, రెండు ముక్కలు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందే! నా నోట్లోంచి మిగతాది దానంతటదే దూకింది: "చెయ్యి నరికి తీసుకోండిరా తాళంచెవి. నేనివ్వను." పెద్దకొడుకు నిజంగా వెనక్కి తగ్గాడు. వాడలా తగ్గాలని నాటకంలో లేదు.

తెర పడ్డాక దర్శకుడు చప్పట్లు కొడుతూ వచ్చాడు. అద్భుతం, వేషం మీదే అన్నాడు. వాడికి ఏమీ వినపడలేదు. సరేనని తలూపి ఇంటికి వచ్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ నాకు ఒళ్ళు మండింది. నువ్వు అంత దూరం వచ్చి, కోర్సు పోగొట్టుకుని, ఒక మాట అందించి పోతే, నేను దాన్ని నా గొప్పగా దాచుకోవాలా? అందరూ రంగు తుడుచుకుంటుంటే మేకప్ గదిలో నిలబడి చెప్పేశాను. "నేను మాట మర్చిపోయాను. మా ఆడపడుచు అందించింది. ఇకముందు కూడా మర్చిపోతాను. వింగులో పీట వెయ్యండి, వేషం వేస్తాను. లేదంటే ఆ పిల్లకి ఇచ్చేయండి. దొంగచాటుగా మాత్రం వెయ్యను."

మూడో కొడుకు వేషం వేసేవాడు వెళ్ళి ఎక్కడినుంచో ఒక పీట తెచ్చి వింగులో పెట్టాడు. తనకీ రెండు చోట్ల మాటలు రావట్లేదన్నాడు. ఇంకొకడు తనకి మూడు చోట్లన్నాడు. దర్శకుడు ఆ పీట వంక చూసి బయటికెళ్ళి సిగరెట్ కాల్చుకుని వచ్చాడు. ఒప్పుకున్నాడు.

ఆ పీట నీది కాదు. నువ్వు వచ్చి కూర్చుంటానంటే కాళ్ళు విరగ్గొడతాను. ప్రస్తుతానికి మీ అన్నయ్యని కూర్చోబెడుతున్నాను. ఆయన గుసగుస టికెట్ల కౌంటరుదాకా వినపడుతుంది, మధ్యలో దగ్గొకటి. అదే నా శిక్ష అనుకుంటాను.

నీ పేరు కొట్టేశారా? నిజం రాయి.

వదిన

*

ఈతకొలను పక్కన, సామాన్ల గది
గురువారం

వదినా,

కొట్టేశారు. పైన అడ్రసు చూసి కంగారు పడకు. హాలు ఖాళీ చేయించారు. ఈత కోచ్ ఈ గది ఇప్పించాడు. చుట్టూ గాలి ట్యూబులూ, తాళ్ళూ, పిల్లల టోపీలూ. గోడ అవతల పొద్దున్నుంచీ పిల్లలు దూకుతూ అరుస్తూ ఉంటారు. అందరూ అరిచే చోట ఇల్లు దొరకడం ఇదే మొదటిసారి.

ఆఖరి క్లాసుకి వెళ్ళాను. పదమూడు తర్వాత పదిహేను పిలిచింది. ఆ మధ్యలో క్లాసంతా నా వైపు చూసింది. నేను కిటికీ పక్కనే కూర్చున్నాను. పొమ్మంటుందేమోనని చూశాను. అనలేదు. ఆ రోజు ప్రతివాళ్ళూ లేచి, పిల్లలకి మొదటి రోజు ఏం చెప్తారో చెప్పాలి. అందరిదీ అయ్యాక, రిజిస్టరు మూసేసి, "ఇంకెవరైనా ఉన్నారా?" అంది. రిజిస్టరు మూసిందని గమనించావా? నేను గమనించాను. లేచాను.

బాగానే మొదలుపెట్టాను. స్టేజి అంటే ఏమిటో, వింగు అంటే ఏమిటో చెప్పాను. మాట మర్చిపోవడం తప్పు కాదని చెప్తాను అన్నాను. ఆ తర్వాత ఆగిపోయాను. పూర్తిగా. వదినా, ఆ చోటు ఎలా ఉంటుందో నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నేను ఎప్పుడూ దాని పక్కన కూర్చున్నాను గానీ అందులో నిలబడలేదు. అలవాటు కొద్దీ ఎడమవైపు తిరిగాను. గోడ ఉంది. ఈత కోచ్ ముందుకి వంగి నోరు తెరిచాడు, పాపం నాకేదో అందిద్దామని. అతని దగ్గర ఏముంటుంది? నేను చెప్పబోయేది ఏ ప్రతిలోనూ లేదు. నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఆ క్షణానికి నాకూ తెలియదు.

ఎవరూ కదల్లేదు. లెక్చరరమ్మ కూడా ఆగింది. వాళ్ళంతా ఆగారు కాబట్టి నేనూ ఆగగలిగాను. మాట వచ్చింది. "మీరు మర్చిపోతే నేనుంటాను. నేను మర్చిపోతే మీరు కాసేపు ఆగండి." అదే పిల్లలకి చెప్తానని చెప్పి కూర్చున్నాను.

నా ఆఖరి రచన కూడా ఇచ్చాను, తీసుకోనక్కర్లేదని తెలిసినా. తెర తాడు తెగిన రోజే మళ్ళీ రాశాను. ఈసారి ఎడమ వింగులో ఒక పీట, దాని మీద ఒక మనిషి, ఆ మనిషి అరుపు. ఆవిడ అక్కడే నిలబడి చదివింది. మార్కులు వెయ్యలేదు. "ఇప్పుడు కనిపించారు" అని రాసి తిరిగిచ్చింది.

సర్టిఫికెట్ మాత్రం లేదు. హెడ్మిస్ట్రెస్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ గొడుగు కోసం కాసేపు వెతుక్కుని, పైవాళ్ళని అడిగి ఒక టర్ము ఆగుతానంది. అంతకంటే ఆగడం కుదరదట. కొత్త బ్యాచ్ వచ్చే నెలలో మొదలు. పేర్లు రాసుకునే కిటికీ తెరవకముందే వెళ్ళి నిలబడ్డాను.

పేరు కొట్టేస్తే మళ్ళీ రాయించుకుంటాను. ఎన్నిసార్లు కొట్టేస్తారో వాళ్ళ ఓపిక.

మరదలు

*

మేడ మీద వాటా
ఆదివారం

మరదలా,

చిన్న ఉత్తరం. డాక్టరు పరీక్షలు పెట్టాడు, వెళ్తున్నాను. ఏం తేలినా నీకు ముందు రాస్తాను, దాచను. విగ్గు కథ నీకు చెప్పానా? చెప్పాను కదూ. చూశావా, గుర్తుంది.

కొత్త బ్యాచ్‌లో నీకు రెండు సున్నాలు ఉచితం. నా కోసం ఒక్కటి కూడా వాడకు. నాకు పీట ఉంది, పీట మీద దగ్గుతున్న మొగుడున్నాడు. రేపు తడబడితే జనం ముందే తడబడతాను, ఆయన అందించిన మాట జనం ముందే అందుకుంటాను. సిగ్గుపడేది లేదు.

నీ దగ్గర నాకు కావలసింది ఒక్కటే. హాజరు పిలిచేటప్పుడు పలుకు. నాకు అందించినట్టు కాదు. తాడు తెగినప్పటిలా.

వదిన

*

కాలేజీ మెట్ల మీద
సోమవారం

వదినా,

ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. అదే గది, అదే కిటికీ, అదే కాగితం పంచారు. అందులో ఒక్క అక్షరం మారలేదు. చుట్టూ అందరూ కొత్తవాళ్ళు, బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. ఈసారి నా నంబరు ఒకటి.

లెక్చరరమ్మ రిజిస్టరు తెరిచింది. నన్ను చూడనట్టే, తల ఎత్తకుండా పిలిచింది.

"ఒకటి."

"వచ్చాను."

నా పక్కనున్న అమ్మాయి చేతిలో పెన్ను కింద పడింది. వరండాలో వెళ్తున్న ప్యూను ఆగి లోపలికి తొంగిచూశాడు. లెక్చరరమ్మ మాత్రం నింపాదిగా టిక్కు పెట్టుకుని, అప్పుడు తల ఎత్తింది.

"కూర్చోండి" అంది. "కింది అంతస్తు క్లాసులో కూడా మీకు హాజరు పడి ఉంటుంది."

మరదలు